ఎవరి నిద్రకు ఎవరి మెలకువ

డొంకూరులో రాత్రిపూట పడవలు కూడా ఒడ్డునే పడుకుంటాయి. ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న మత్స్యకార గ్రామం ఇది. తెల్లవారక ముందే బోటును నీళ్ళలోకి నెట్టి, కెరటాలు దాటించి, వల వేసి, పొద్దెక్కాక మళ్ళీ ఇసుక మీదికి లాగేస్తారు. పడుకోవడానికి ఇల్లుంది. నిద్రలో వినపడేది సముద్రపు హోరు ఒక్కటే. అది పుట్టినప్పటి నుంచి చెవిలో ఉన్నదే. చెవి పక్కనే అల కొడుతుంటే కన్ను మూయడం మాత్రం ఈ తీరంవాళ్ళు పొరుగూళ్ళలో నేర్చుకున్న విద్య. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, మరబోట్లు నిలిపే హార్బరు లేకుండానే తరాలు గడిచాయి. అందుకే విశాఖపట్నం, పారాదీప్, చెన్నై. వాటన్నిటికంటే దూరంగా, దేశానికి ఆ చివరన, గుజరాత్‌లోని వేరావల్.

ఆగస్టులో పడమటి తీరంలో వేట మొదలయ్యే వేళకు ఉత్తరాంధ్ర కుర్రాళ్ళూ నడివయసు వాళ్ళూ రైళ్ళెక్కి అక్కడికి చేరతారు. బోటుకు ఒక తండేలు, అతని కింద ఆరేడుగురు కలాసీలు. బోటు ఒకసారి కదిలిందంటే రెండు మూడు వారాలు నేల కనపడదు. వంట, స్నానం, చేతికి గాయమైతే కట్టు, జ్వరమొస్తే దుప్పటి, అన్నీ ఆ డెక్కు మీదే. వల నీళ్ళలో ఉన్న రెండు మూడు గంటల సందులోనే నిద్ర. ఇంజను కొట్టుకుంటూనే ఉంటుంది, అల కొడుతూనే ఉంటుంది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక బోట్లు వేరావల్ హార్బరుకు చేరుకున్నాయి గానీ మనుషులు ఇళ్ళకు చేరలేకపోయారు. ఉత్తరాంధ్ర మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా ఆ బోట్లలోనే వండుకున్నారు, ఆ బోట్లలోనే పడుకున్నారు. ఏప్రిల్ నెలాఖరుకు గాని వాళ్ళ బస్సులు బయల్దేరలేదు. వేట లేదు, కూలి లేదు, రేపు ఏమిటో తెలీదు. రాత్రయ్యేసరికి మాత్రం పక్కపక్కనే కట్టేసిన వందల బోట్ల కింద నీళ్ళు చప్పుడు చేస్తూనే ఉంటాయి.

ఆ చప్పుడు నడిసముద్రంలో వినిపించే చప్పుడు కాదు. పెద్ద కెరటం పడవను ఎత్తి దించుతుంది, అంతే. నిద్ర చెడగొట్టేది జానెడు అల. పడవ వెనక భాగం నీటి మట్టానికి కాస్త పైకి లేచి ఉన్నచోట ఆ సందులోకి చిన్న అల దూరుతుంది, లోపలి గాలిని నొక్కుతుంది, అడుగున తపక్కున కొడుతుంది. ఒకటి కొట్టాక రెండోది రాదు. ఎదురుచూసి ఎదురుచూసి రెప్ప వాలేసరికి మూడూ నాలుగూ కలిసి వస్తాయి. ఒక వరస ఉన్న చప్పుడును మనసు పక్కన పెట్టగలదు. వరస లేనిదాన్ని పెట్టలేదు. సముద్రపు హోరులో హాయిగా నిద్రపోయే మనిషి ఈ తపతపలకు ఉలిక్కిపడి లేవడానికి కారణం ఇదే.

పడవ ఒంటిని బట్టి కూడా మోత మారుతుంది. పలచటి ఫైబర్ బోటు డప్పులా మోగుతుంది. దళసరి చెక్క ఆ దెబ్బను కొంత మింగుతుంది. ఐసూ సరుకూ నిండిన బోటు నీళ్ళలో లోతుగా కూర్చుంటుంది కాబట్టి అలకు సందు తక్కువ. ఖాళీ బోటు పైకి తేలి ఎక్కువ మోగుతుంది. పాతకాలపు తెప్పకు ఈ బాధే లేదు. దుంగలను తాళ్ళతో బిగించి కట్టిన తెప్పలో నీళ్ళు సందుల్లోంచి వచ్చి సందుల్లోంచే పోతాయి. కొట్టడానికి అలకు గోడ దొరకదు. దాని మీద ఒళ్ళు తడవకుండా పడుకోవడమూ కుదరదు.

ఉపాయాలు లేకపోలేదు. లంగరు ముందువైపు నుంచి వేస్తే పడవ ముక్కు గాలికి ఎదురు తిరిగి అలను చీలుస్తుంది. నీటి లాగుడు ఒకవైపు, గాలి ఇంకోవైపు ఉన్న రాత్రి పడవ అడ్డం తిరిగి పక్కల మీద దెబ్బలు తింటుంది. అప్పుడు వెనక నుంచి రెండో లంగరు వేసి నిలబెట్టాలి. బరువులు సర్ది వెనక భాగాన్ని కొంచెం కిందికి దించవచ్చు. అక్కడే నీటి మట్టానికి పాత వల ముద్దనో గోనె సంచినో వేలాడదీస్తే చిన్న అలలు అందులో చిక్కి బలం పోగొట్టుకుంటాయి. పక్క బోటుతో రాపిడి లేకుండా మధ్యలో పాత టైర్లు. ఇవేవీ చాలకపోతే పడుకునే చోటే మార్చాలి. పొడి వలల కుప్ప మీద వీపు వాలిస్తే పలక అదురు ఒంటికి అంతగా తగలదు.

ఇన్ని చేసినా చప్పుడు కొంత మిగులుతుంది. మిగిలినదాని గురించి ఏం చెయ్యాలన్న దగ్గర ప్రశ్న లంగరును దాటి మనిషి లోపలికి వస్తుంది. దానికి మన దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న జవాబు ఒకటుంది. బాధ చప్పుడులో లేదు, మనసులో ఉంది. మనసు నిలిస్తే అల కొట్టినా కొట్టనట్టే. ఈ మాటలో నిజముంది. అయితే పడవ మీద ఇది ఎంత దూరం నిలుస్తుందో చూడాలి.

బృహదారణ్యకోపనిషత్తు రెండో అధ్యాయంలో నిద్ర మీద ఒక ప్రయోగం లాంటిది జరుగుతుంది. బాలాకి గార్గ్యుడనే పండితుడు కాశీరాజు అజాతశత్రువు దగ్గరికి వెళ్ళి బ్రహ్మం గురించి బోధిస్తానంటాడు. తెలిసిందంతా చెప్పి ఆగిపోతాడు. అప్పుడు రాజు అతని చెయ్యి పట్టుకుని నిద్రపోతున్న ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్తాడు. గొప్ప గొప్ప పేర్లతో పిలుస్తాడు. మనిషి లేవడు. చేత్తో తట్టి కుదిపితే లేస్తాడు. ఇంతసేపూ ఇతను ఎక్కడున్నాడు, ఎక్కణ్ణించి వచ్చాడు అని రాజు అడిగితే గార్గ్యుడి దగ్గర జవాబు లేదు. శంకరాచార్యులు భాష్యంలో దీని మీద ఓపికగా నిలబడి వాదిస్తారు. రాజు పిలిచిన పేర్లు ప్రాణానివి. ప్రాణం నిద్రలో కూడా పనిచేస్తూనే ఉంది. అయినా తన పేరుకు తాను పలకలేదు. కాబట్టి లోపల ఉండి అనుభవించేవాడు ప్రాణం కాదు, వేరొకడు.

1960లో ఇయాన్ ఆస్వాల్డ్, ఆన్ టేలర్, మిషెల్ ట్రైస్‌మన్ అనే పరిశోధకులు 'బ్రెయిన్' పత్రికలో ప్రచురించిన పరీక్ష దాదాపు ఇదే పని చేసింది. నిద్రపోతున్న మనుషులకు పేర్ల జాబితా వినిపించారు. మెదడు తరంగాలను కాగితం మీదికి ఎక్కించారు. మిగతా పేర్లకంటే సొంత పేరు వినపడ్డప్పుడు మెదడు ఎక్కువ స్పందించింది. సొంత పేరుకు నిద్రలోనే పిడికిలి బిగించినవాళ్ళూ ఉన్నారు. అంటే చెవి వింటూనే ఉంటుంది. లోపల ఏదో ఏరుతూ కూడా ఉంటుంది, ఏది తనది, ఏది కాదు అని. కాశీరాజు ఆ మనిషిని ప్రాణం పేర్లతో కాకుండా ఇంట్లో వాళ్ళు పిలిచే పేరుతో పిలిచి ఉంటే ఏమయ్యేదో!

పడవ మీది చెవి సరిగ్గా ఈ పనే చేస్తుంది. అలవాటు పడి అల తపతపకు లేవని కలాసీ, లంగరు తాడు బిగుసుకుని మూలిగితే లేస్తాడు. పడవ బయట నీళ్ళ చప్పుడుకు లేవడు, అడుగున లోపల నీళ్ళు కదిలిన చప్పుడుకు లేస్తాడు. ఇంజను మోతలో పడుకున్నవాడు ఇంజను ఆగగానే కళ్ళు తెరుస్తాడు. చప్పుడు లేకపోవడమే అతనికి పిలుపు. మనసును నిలబెట్టి చప్పుడును చంపేసినవాడు ఈ పని చెయ్యలేడు. చెవుల్లో దూది కుక్కుకున్నవాడూ చెయ్యలేడు. కాబట్టి సముద్రం మీద మంచి నిద్ర అంటే వినకపోవడం కాదు, తెలిసి వదిలెయ్యడం. పతంజలి నిద్రను కూడా చిత్తవృత్తుల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. అంటే ఆయన దృష్టిలో నిద్ర ఖాళీ కాదు, అక్కడా చిత్తం ఏదో ఒకటి పట్టుకునే ఉంటుంది. రాత్రి డెక్కు మీద పడుకున్న మనిషిని చూస్తే ఆ లెక్క సరైనదే అనిపిస్తుంది.

అలాగని అలవాటు మీద అతిగా భారం వెయ్యకూడదు. చప్పుడుకు అలవాటు పడ్డవాడు లేవకపోవచ్చు, పొద్దున అడిగితే ఏమీ వినలేదనే చెప్పవచ్చు. కానీ రాత్రంతా ఒక్కో చప్పుడుకు అతని గుండె వేగం మారుతూనే ఉంటుందని నిద్ర మీద పనిచేసిన పరిశోధకులు చాలాసార్లు చూపించారు. మనిషి అలవాటు పడ్డంతగా ఒళ్ళు అలవాటు పడదు. 'వాళ్ళకు అలవాటేలే' అనే మాట ఒడ్డున ఉన్నవాళ్ళకు సుఖంగా ఉంటుంది, పడవలో ఉన్నవాళ్ళకు కాదు.

నిద్ర లేచినవాడు 'హాయిగా పడుకున్నాను, ఏమీ తెలీలేదు' అంటాడు. ఈ ఒక్క మాట మీద మన దర్శనాలు వందల ఏళ్ళు వాదించుకున్నాయి. ఏమీ తెలీలేదన్న సంగతి ఎవరికి తెలిసింది? అది జ్ఞాపకమే, జ్ఞాపకముంటే అప్పుడు చూసినవాడు ఉండాలి, ఆ సాక్షి నిద్రలోనూ ఆరిపోడు అని అద్వైతులు. అది జ్ఞాపకం కాదు, లేచాక ఒంటి తేలికను చూసి చేసుకున్న ఊహ అని నైయాయికులు. రెండు పక్షాలూ పదునైనవే. కానీ రెండింటిలోనూ నిద్రపోయేవాడు ఒక్కడే ఉన్నాడు, గది తలుపు వేసుకుని. పడవ మీద ఈ వాదానికి ఇంకో సాక్షి ఉంటాడు. అతను కాపలా మనిషి. నువ్వు ఎంతసేపు పడుకున్నావో, నిద్రలో ఏం గొణిగావో, ఎన్నిసార్లు గాలి తిరిగిందో, నువ్వు లేవకుండా ఉండడానికి తాడు ఎన్నిసార్లు సర్దాల్సి వచ్చిందో అతనికి తెలుసు. నిద్రను గురించి తత్త్వం మాట్లాడేవాళ్ళు ఈ మనిషిని లెక్కలోకి తీసుకోవాలి.

ఎందుకంటే పడవ మీద నిద్ర ఎవరికీ ఒంటరిగా దొరకదు. 'బావా, లెగు, నీ వంతొచ్చింది' అనే పిలుపుతో ఒకరి నిద్ర ముగిస్తే గాని ఇంకొకరి నిద్ర మొదలవదు. అంతర్జాతీయ సముద్ర చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. ఓడలు ఢీకొనకుండా 1972లో రాసుకుని 1977 నుంచి అమలు చేస్తున్న నియమాల్లో అయిదోది, ప్రతి నౌకా అన్ని వేళలా చూపుతోనూ వినికిడితోనూ కాపలా ఉంచాలంటుంది. చట్టం వినడాన్ని ఒక విధిగా రాసిపెట్టింది. ఆ విధి తప్పితే ఏమవుతుందో కొచ్చి దగ్గర 2017 జూన్ 11 తెల్లవారుజామున తెలిసింది. లంగరేసుకుని ఉన్న చేపల బోటును పనామా జెండా ఎగరేసిన పెద్ద ఓడ ఢీకొంది. నిద్రలో ఉన్నవాళ్ళలో కొందరు మళ్ళీ లేవలేదు.

రామాయణంలో ఈ కాపలా సంగతి ఎత్తినవాళ్ళలో ఒక పడవల దొర ఉన్నాడు. శృంగిబేరపురంలో గంగ ఒడ్డున రాముడూ సీతా నేల మీద పడుకున్న రాత్రి, నిషాదరాజు గుహుడు లక్ష్మణుడి దగ్గరికి వచ్చి, నీకూ పడక సిద్ధం చేయించాను, పడుకో, మేము మేలుకుని కాపలా కాస్తాం అంటాడు. లక్ష్మణుడు పడుకోడు. అన్న నేల మీద పడుకుంటే నాకు నిద్రెలా పడుతుందంటాడు. ఇద్దరూ తెల్లవార్లూ మేలుకునే ఉంటారు. తెల్లారాక గుహుడి పడవ వాళ్ళను నది దాటిస్తుంది. దాటించడం ఎంత పెద్ద సేవగా మనం చెప్పుకుంటామో, ఆ రాత్రి మెలకువ అంతకు తక్కువది కాదు. తరవాత భరతుడు వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పగలిగినవాడు గుహుడే. నిద్రకు సాక్షి అతనే.

తెలుగు ఆడవాళ్ళు ఇక్కడితో ఆగలేదు. లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు మేలుకున్నాడంటే ఆ నిద్ర ఏమయింది? లెక్క ఎక్కడో తేలాలి కదా అని అడిగారు. 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాట ఆ ప్రశ్న నుంచి పుట్టింది. భర్త అడవిలో మేలుకున్నన్నాళ్ళూ ఊర్మిళ ఇంట్లో నిద్రలోనే ఉంది. 'లక్ష్మణదేవర నవ్వు' పాటలో నిద్ర తన బాకీ వసూలు చేసుకోవడానికి పట్టాభిషేకం వేళ సభలోకే వస్తుంది. ఈ పాటలు కట్టిన తల్లులు ఉపనిషత్తుల భాష్యాలు చదివి ఉండకపోవచ్చు. నిద్ర ఒకరి సొంత సొమ్ము కాదని, ఇంట్లో ఒకరు మేలుకుంటే ఇంకొకరి ఖాతాలో పడుతుందని వాళ్ళకు తెలుసు. రాత్రి పసిబిడ్డ పక్కన మేలుకున్న ఎవరికైనా తెలుసు. నిద్ర మీద తెలుగులో వచ్చిన ఆలోచనల్లో ఇంత లోతైనది ఇంకొకటి చూపడం కష్టం.

ఇక నీళ్ళ మీద నిద్రపోయేవాళ్ళందరిలో పెద్దవాడు ఉన్నాడు, పాలకడలి మీద విష్ణువు. మహాబలిపురం సముద్రతీర ఆలయంలో రెండు శివాలయాల మధ్య చిన్న గదిలో ఆయన రాతి మీద పడుకుని ఉంటాడు. ఎనిమిదో శతాబ్దం మొదట్లో పల్లవరాజు రాజసింహుడి కాలంలో వెలసిన ఆ గుడి గోడల దాకా నిజమైన బంగాళాఖాతం చప్పుడు వస్తూనే ఉంటుంది. మనం ఆయన నిద్రను యోగనిద్ర అంటాం, పడుకున్నా అన్నీ తెలిసిన నిద్ర అని సర్దుకుంటాం. దేవీ మాహాత్మ్యం మొదటి అధ్యాయం మాత్రం అంత తేలిగ్గా సర్దుకోదు. ప్రళయజలాల మీద విష్ణువు నిద్రలో ఉండగా ఆయన చెవి గుబిలి నుంచే మధుకైటభులనే ఇద్దరు రాక్షసులు పుట్టి, నాభికమలంలో ఉన్న బ్రహ్మను చంపబోతారు. పడుకున్నాయన లేవడు. బ్రహ్మ పిలిచింది విష్ణువును కూడా కాదు. ఆయన కళ్ళ మీద కూర్చున్న నిద్రనే, తల్లీ నువ్వు లేచి వెళ్ళు అని స్తుతించాడు. ఆమె తప్పుకున్నాకే స్వామి లేచాడు.

ఈ కథను శ్రద్ధగా చదివితే మూడు సంగతులు కనపడతాయి. ఆపద బయటి అలల నుంచి రాలేదు, నిద్రపోయేవాడి చెవిలోంచే వచ్చింది. నిద్ర ఆయన చేతిలో ఉన్న శక్తి అన్నా, ఆ ఘడియలో ఆమే ఆయన మీద ఉంది. అన్నిటికంటే ముఖ్యం, దేవుడు పడుకున్నప్పుడు కూడా ఒకరు మేలుకుని ఉన్నారు. భయపడుతూ, ప్రాణం అరచేతిలో పెట్టుకుని అయినా సరే మేలుకునే ఉన్నారు. ఆ మెలకువ లేకపోతే కథ అక్కడితో ఆఖరు.

తిరుమలలో ఈ ఏర్పాటు ఇప్పటికీ రోజూ జరుగుతుంది. రాత్రి ఏకాంతసేవలో భోగశ్రీనివాసమూర్తిని పాన్పు మీద పవళింపజేసి, అన్నమయ్య వంశీకులు జోల పాడతారు. తెల్లవారుజామున అర్చకులకు దివిటీ పట్టి వెంటబెట్టుకుని వచ్చి బంగారు వాకిలి తెరిచే వేళ ముందుండేది సన్నిధి గొల్ల. స్వామికి జోల పాడేవాళ్ళున్నారు, లేపేవాళ్ళున్నారు, తలుపు దగ్గర నిలబడేవాడున్నాడు. ఒక్క నిద్ర చుట్టూ ఎంతమంది మెలకువ ఉందో చూస్తే, భక్తి అంటే ఆ మెలకువలన్నీ కలిపి కట్టిన వరసే అనిపిస్తుంది.

ఈ తీరంలో గంగమ్మకు మొక్కేవాళ్ళూ ఉన్నారు, చర్చికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. బైబిల్లో పడవ మీద నిద్రపోయినవాళ్ళు ఇద్దరు. యోనా దేవుడు చెప్పిన పనిని తప్పించుకుని పారిపోతూ ఓడ అడుగున గాఢనిద్రలో ఉంటాడు. తుఫానులో ఓడ విరిగేలా ఉన్నా లేవడు. ఓడ నాయకుడొచ్చి, ఇదేం నిద్రయ్యా అని లేపుతాడు. గలిలయ సరస్సులో యేసు పడవ వెనక భాగంలో తలగడ మీద పడుకుంటాడు. తుఫాను రేగి అలలు పడవలోకి దూకుతున్నా లేవడు. శిష్యులు లేపుతారు. 1986లో ఆ సరస్సు నీళ్ళు తగ్గినప్పుడు ఒడ్డు బురదలో ఆ కాలం నాటి పడవ ఒకటి బయటపడింది. పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు, ఇప్పటి మన ఫైబర్ బోటుకు దగ్గర కొలతే. అంత చిన్న పడవలో అల కొడితే వెనక భాగంలో తలకు ఎంత మోత తగులుతుందో వేటకెళ్ళే ఎవరికైనా తెలుస్తుంది.

అల చప్పుడు ఇద్దరికీ ఒకటే. యోనాది పారిపోయే నిద్ర, యేసుది నమ్మిన నిద్ర. బయటి నుంచి చూస్తే రెంటికీ తేడా కనిపించదు. అందుకే ఎంత చప్పుడులోనైనా నిద్రపోగలిగినవాణ్ణి చూసి స్థితప్రజ్ఞుడని మెచ్చుకోవడానికి తొందరపడకూడదు. అక్కడ శిష్యుల పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. వాళ్ళలో చేపలు పట్టే వృత్తివాళ్ళున్నారు, ఆ సరస్సు వాళ్ళకు కొట్టినపిండి. మేం చచ్చిపోతున్నా నీకు పట్టదా అన్నట్టు వాళ్ళడిగిన ప్రశ్నను ప్రసంగాల్లో అవిశ్వాసం కిందే లెక్కిస్తారు. కానీ నీళ్ళు నిండుతున్న పడవలో మేలుకుని ఉన్నది వాళ్ళే. పడుకున్నవాణ్ణి లేపడం కాపలా మనిషి పని. ఆ పనే వాళ్ళు చేశారు.

శ్రీవైష్ణవంలో శరణాగతి మీద పాత తగవు ఒకటుంది. కోతిపిల్ల తల్లి పొట్టను గట్టిగా పట్టుకుని ఉంటుంది, పట్టు వదిలితే పడిపోతుంది. పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది, పిల్ల చెయ్యాల్సింది ఏమీ లేదు. భక్తుడు ఎవరిలా ఉండాలి అని వడగలై, తెంగలై సంప్రదాయాలు విడిపోయాయి. పడవ మీద ఒకే మనిషి ఒకే రాత్రిలో రెండూ అవుతాడు. కాపలా ఉన్నంతసేపూ కోతిపిల్ల, పట్టు వదలకూడదు. వంతు అప్పగించి దుప్పటి కప్పుకున్నాక పిల్లిపిల్ల, ఇక మోసేది ఇంకొకరు. రెండోది నిజం కావాలంటే మొదటిది నిజం కావాలి. నిద్రపోతున్న కలాసీ నమ్మకం ఎక్కడో ఆకాశంలో తేలేది కాదు. పక్కన కూర్చుని బీడీ కాలుస్తూ చీకట్లోకి చూస్తున్న బావ మీద, ఆ బావ మధ్యాహ్నం నాలుగు గంటలైనా పడుకున్నాడా లేదా అన్నదాని మీద అది నిలబడి ఉంది.

ఆ నమ్మకం చెదిరిన సందర్భమూ ఈ తీరం చూసింది. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాకిస్తాన్ దళాలు పట్టుకున్నాయి. నీళ్ళ మీద గీత ఉండదు. చీకట్లో బోటు ఏ దేశంలో ఉందో అలల చప్పుడు చెప్పదు. వాళ్ళలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. మధ్యలో పదమూడు నెలలకు పైగా కరాచీ జైల్లో. ఇక్కడ ఇళ్ళల్లో తల్లులూ భార్యలూ మేలుకుని గడిపిన రాత్రుల లెక్క ఊర్మిళ పాట లాంటిదే, తిరగేసిన పాట. మగవాళ్ళు దూరాన ఉంటే మెలకువ ఆడవాళ్ళ వంతుకు వచ్చింది. వాళ్ళు ఊరికే మేలుకుని కూర్చోలేదు. అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు, దరఖాస్తులు పెట్టారు. జైల్లో ఉన్నవాళ్ళ తరఫున ఒడ్డున కాపలా కాసింది వాళ్ళే.

ఇంత దూరం వచ్చాక, 'మనసు నిలుపుకో, చప్పుడు పోతుంది' అన్న సలహా ఎంత చిన్నదో కనపడుతుంది. అది పడుకున్నవాడితోనే మాట్లాడుతుంది. మేలుకున్నవాడితో మాట్లాడదు, అతను ఎన్ని గంటలుగా మేలుకున్నాడో అడగదు. పైగా మనిషిని నిద్ర పోనివ్వని కారణాలు మారకుండా ఉండడానికి ఆ సలహా బాగా పనికొస్తుంది. మాటలో నిజముండవచ్చు. ఎవరు ఎవరికి చెబుతున్నారన్న దాని మీద దాని ధర్మం ఆధారపడుతుంది. కలాసీ తనకు తాను చెప్పుకుంటే అది సాధన. బోటు యజమాని కలాసీకి చెబితే అది ఖర్చు తప్పించుకోవడం.

పెద్ద ఓడల లోకం ఈ తేడాను కొంత గుర్తించింది. ఇదే జిల్లాలోని ఉద్దానం ఊళ్ళ నుంచి మర్చంట్ నేవీకి వెళ్ళే కుర్రాళ్ళు పడుకునే కేబిన్లకు చప్పుడు హద్దు ఉంది. 2014 జులై నుంచి అమలైన అంతర్జాతీయ నియమావళి ప్రకారం కొత్తగా కట్టే ఓడల్లో, పదివేల టన్నులకు పైబడినవాటిలో కేబిన్ చప్పుడు 55 డెసిబెల్స్ దాటకూడదు, అంతకంటే చిన్నవాటిలో 60. మన దేశంలో జనావాసాలకు రాత్రిపూట నిర్ణయించిన హద్దు 45. అంటే ఓడలో పడుకునేవాడికి చట్టం ఇచ్చే నిశ్శబ్దం కూడా ఇంటి నిశ్శబ్దం కాదు. అయినా ఒక అంకె అంటూ ఉంది. చేపల బోట్లను ఆ నియమావళి నుంచే మినహాయించారు. డొంకూరు నుంచి అన్న మర్చంట్ నేవీకీ తమ్ముడు వేరావల్‌కూ వెళ్తే, అన్న చెవికి చట్టం ఉంది, తమ్ముడి చెవికి లేదు.

చప్పుడుకు లేకపోయినా విశ్రాంతికి ఒక అంకె ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన చేపలవేట ఒప్పందం 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే బోటులో పనిచేసేవాళ్ళకు ఏ 24 గంటల్లోనైనా 10 గంటలు, ఏ ఏడు రోజుల్లోనైనా 77 గంటలు తగ్గకుండా విశ్రాంతి ఇవ్వాలని అది చెబుతుంది. ఆసియాలో దాన్ని మొదట ఒప్పుకున్న దేశం థాయ్‌లాండ్, 2019లో. వల నీళ్ళలో ఉన్నప్పుడల్లా తునకలు తునకలుగా దొరికే నిద్రను కూడబెట్టి 77 గంటలు చెయ్యాలంటే బోటుకు ఇంకో ఇద్దరు మనుషులు కావాలి. ఇంకో ఇద్దరంటే ఇంకో రెండు వాటాలు. వాటా లెక్క దగ్గరే ఈ తత్త్వచర్చ ఇన్నాళ్ళూ ఆగిపోతూ వస్తోంది.

అందుకే, ఆగస్టులో రైలెక్కే ముందు తండేలూ కలాసీలూ కలిసి కూర్చుని మాట్లాడుకునే అడ్వాన్సు, జీతం, తిండి, పట్టిన సరుకులో వాటా, వీటితో పాటు ఇంకో మాట కూడా తేల్చుకుని వెళ్ళాలి. రాత్రి కాపలా వంతులు ఎన్ని, ఒక్కో వంతు ఎన్ని గంటలు, కాపలా దిగినవాడు మర్నాడు వల లాగకుండా ఎంతసేపు పడుకోవచ్చు. ఆ మాట యజమాని చెవిన వేసి ఒప్పించే భారం తండేలుది. తండేలు వెనక నిలబడే భారం మత్స్యకార సంఘాలది, మత్స్యశాఖది. పడవ వెనక భాగం కింద గోనె సంచి కట్టుకోవడం కలాసీలకు ఎవరూ నేర్పక్కర్లేదు.